కరెంటు పోయినప్పుడు గరాజ్ తలుపు చేత్తో తెరవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని తెలుగు ఇళ్లలో ముందు తలుపు చుట్టాలకి, గరాజ్ తలుపు ఇంట్లోవాళ్లకి. ఆఫీసుకి వెళ్లినా, పిల్లల్ని బడి నుంచి తెచ్చినా, బియ్యం మూట దించినా అన్నీ అటునుంచే. బటన్ నొక్కగానే లేస్తుంది కాబట్టి దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చి టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకూ వ్యాపారాలకూ కరెంటు పోయినప్పుడు, 2024 జులై 8న బెరిల్ హరికేన్ హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లను పడగొట్టినప్పుడు మాత్రం ఆలోచించక తప్పలేదు. ఇక్కడ చెప్పేది అక్కడి ఇళ్లలో ఎక్కువగా కనిపించే తలుపు గురించి. అడ్డంగా నాలుగైదు పలకలు, రెండు పక్కలా పట్టాలు, సీలింగుకి మోటారు (దీన్నే ఓపెనర్ అంటారు) ఉండే రకం.

కరెంటు లేకపోతే ఆ తలుపు అసలు తెరుచుకుంటుందా?

తెరుచుకుంటుంది. మోటారు ఒక చైన్‌నో బెల్టునో లాగుతుంది. అది సీలింగు కింద ఉన్న పొడవాటి రైలు మీద ట్రాలీ అనే ముక్కని నడిపిస్తుంది. ట్రాలీకీ తలుపుకీ మధ్య ఒక ఇనప చేయి ఉంటుంది. ట్రాలీ నుంచి ఎర్ర పిడి ఉన్న తాడు ఒకటి వేలాడుతుంటుంది, చూసే ఉంటారు. అది లాగితే తలుపుకీ మోటారుకీ లంకె తెగిపోతుంది. ఇక దాన్ని చేత్తో ఎత్తొచ్చు, దించొచ్చు.

ఆ తాడు ఎక్కడుందో ఇప్పుడే ఒకసారి చూసి రండి. చాలా ఇళ్లలో సీలింగు ర్యాకులు, సూట్‌కేసులు, దీపావళికి దించే అట్టపెట్టెల మధ్య ఎక్కడో చిక్కుకుని ఉంటుంది. కొన్ని ఇళ్లలో తల తగులుతోందని పైకి ముడి వేసేస్తారు. పొడవు తక్కువైన వాళ్లకి కూడా అందేలా, నేల నుంచి ఆరడుగుల ఎత్తులో పిడి ఉండాలి.

వరసగా ఏం చేయాలి?

ముందు తలుపు పూర్తిగా మూసి ఉందో లేదో చూడండి. మూసి ఉంటేనే తాడు ముట్టుకోవాలి. ఎందుకో కింద వివరంగా ఉంది. తర్వాత టార్చ్ వేసి తలుపు పైనున్న స్ప్రింగు, రెండు పక్కలా ఉన్న ఉక్కు కేబుళ్లు బాగున్నాయో లేదో చూడండి. పిల్లల్ని, కుక్కనీ అవతలికి పంపండి.

వీలైతే మోటారు ప్లగ్గు పీకేయండి. మీరు తలుపు పట్టుకుని ఉండగా కరెంటు వచ్చి, ఎవరో అలవాటుగా బటన్ నొక్కే ప్రమాదం తప్పుతుంది. ఆ తర్వాత ఎర్ర పిడిని గట్టిగా కిందికి లాగండి. టక్కున విడిపోయిన చప్పుడు వినిపిస్తుంది. చాంబర్లేన్, లిఫ్ట్‌మాస్టర్ మోడళ్లలో చాలావాటికి నేరుగా కిందికి లాగితే ఆ ఒక్కసారికే విడిపోతుంది. కిందికి లాగుతూ మోటారు వైపుకి లాగితే మళ్లీ తనంతట తాను తగులుకోకుండా విడిగానే ఉండిపోతుంది. కరెంటు రోజుల తరబడి రాదనుకుంటే ఈ రెండోది మేలు. వేరే కంపెనీలవాటిలో లాగాల్సిన దిక్కు మారొచ్చు. మాన్యువల్లో ఉన్న బొమ్మని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, ఇంటర్నెట్ కూడా లేని రోజున పనికొస్తుంది.

ఇక తలుపు అడుగున ఉన్న పిడి పట్టుకుని, నడుము వంచకుండా మోకాళ్ల మీద బలం పెట్టి, నిదానంగా ఎత్తండి. పలకల మధ్య సందులో మాత్రం వేళ్లు పెట్టొద్దు. తలుపు వంపు తిరిగేటప్పుడు ఆ సందు మూసుకుంటుంది, వేళ్లు నలిగిపోతాయి.

తలుపు ఎంత బరువు ఉంటుంది? నేను ఎత్తగలనా?

రెండు కార్లు పట్టే స్టీలు తలుపు తేలిగ్గా 150 పౌండ్లు దాటుతుంది, అంటే 68 కిలోల పైమాటే. ఇన్సులేషన్ ఉంటే ఇంకా ఎక్కువ, చెక్క తలుపైతే చెప్పక్కర్లేదు. అయినా ఒక్కరే ఎత్తగలుగుతారు. దానికి కారణం స్ప్రింగులు. తలుపు బరువు మోటారు మోస్తోందని చాలామంది అనుకుంటారు గానీ, అది నిజం కాదు.

రెండు రకాలున్నాయి. తలుపు పైన గోడకి అడ్డంగా ఒక కడ్డీ, దాని చుట్టూ మెలితిరిగి ఉండేది టార్షన్ స్ప్రింగు. పక్క పట్టాల వెంబడి సాగి ఉండేవి ఎక్స్‌టెన్షన్ స్ప్రింగులు. తలుపు దిగినప్పుడు దాని బరువంతా స్ప్రింగులో బిగువుగా నిల్వ ఉంటుంది. ఎత్తేటప్పుడు ఆ బిగువు కేబుళ్ల ద్వారా తలుపుని పైకి లాగుతుంది. త్రాసులో అవతలి పళ్లెంలో సరిగ్గా అంతే బరువు పెట్టినట్టు అన్నమాట. సరిగ్గా అమర్చిన తలుపుకి మీ చేతి బలం ఐదారు కిలోలంత పెడితే చాలు, లేస్తుంది. మోటారు చేసేది కూడా ఆ మిగిలిన కాస్త పనే.

కాబట్టి ఎత్తగలనా అన్నది మీ కండల మీద కన్నా స్ప్రింగు మీద ఎక్కువ ఆధారపడుతుంది. స్ప్రింగు నీరసించినా మోటారు గుంజుకుంటూ కొన్నాళ్లు లాగేస్తుంది, మనకి ఏమీ తెలియదు. కరెంటు పోయి చేత్తో ఎత్తబోయినప్పుడే అది బయటపడుతుంది. అందుకే కరెంటు ఉన్న ఒక ఆదివారం పగటిపూట ఈ పరీక్ష చేయమంటాను. తలుపు మూసి, తాడు లాగి, చేత్తో నడుము ఎత్తుదాకా లేపి, చేతులు దగ్గరగానే ఉంచి నెమ్మదిగా వదలండి. అక్కడే ఆగితే స్ప్రింగు బాగున్నట్టే. జారి కిందికి పడబోతున్నా, తనంతట తాను పైకి ఎగబాకుతున్నా సర్దుబాటు తప్పింది, మెకానిక్‌ని పిలవాలి.

స్ప్రింగు విరిగిందని ఎలా తెలుస్తుంది? నేనే మార్చుకోవచ్చా?

విరిగినప్పుడు తుపాకీ పేలినంత చప్పుడు వస్తుంది. ఆ టైమ్‌కి ఇంట్లో లేకపోతే చూసి తెలుసుకోవాలి. టార్షన్ స్ప్రింగు చుట్టల మధ్య ఒకచోట రెండంగుళాల ఖాళీ కనిపిస్తుంది. కేబుల్ వదులై వేలాడుతుండొచ్చు, తలుపు ఒక పక్కకి ఒరిగి ఉండొచ్చు. ఇవేవీ కనపడకపోయినా, తాడు లాగాక తలుపు రాయిలా కదలకపోతే అనుమానించండి.

మామూలు స్ప్రింగుని 10,000 సార్లు తెరిచి మూసేందుకు లెక్కగట్టి చేస్తారు. రోజుకి నాలుగుసార్లు వాడితే ఏడేళ్లకి దగ్గర పడుతుంది. ఇద్దరూ ఆఫీసుకి వెళ్లి, పిల్లలకి సాయంత్రం క్లాసులున్న ఇంట్లో నాలుగు ఎక్కడ, పది అవుతుంది! కొన్న ఇల్లు పాతదైతే ముందున్నవాళ్ల లెక్క కూడా కలుపుకోవాలి.

సొంతంగా మార్చడం మాత్రం వద్దు. యూట్యూబ్‌లో పది నిమిషాల పనిలా కనిపిస్తుంది. బిగువుగా ఉన్న టార్షన్ స్ప్రింగు చేజారితే దాన్ని బిగించడానికి వాడే ఇనప కడ్డీ మొహానికి కొడుతుంది, ఎముకలు విరుగుతాయి. ఇంటి పనులు స్వయంగా చేసుకునేవాళ్లంటే నాకు గౌరవమే, ఈ ఒక్క పని మినహా. అదే ఎక్స్‌టెన్షన్ రకమైతే ప్రతి స్ప్రింగు మధ్యలోంచి ఒక రక్షణ కేబుల్ ఉందో లేదో చూడండి. లేకపోతే, తెగిన స్ప్రింగు గరాజ్‌లో ఎటైనా ఎగిరొచ్చి తగలొచ్చు.

తలుపు సగం తెరిచి ఉండగా కరెంటు పోయింది. తాడు లాగనా?

తొందరపడొద్దు. తలుపు పైన ఉన్నప్పుడు దాన్ని పట్టి ఉంచేవి రెండు: స్ప్రింగు, మోటారు. స్ప్రింగు విరిగి ఉంటే మిగిలింది మోటారు ఒక్కటే, ఆ లంకె కూడా మీరే తెంపుతున్నారు. 70 కిలోల తలుపు ఒక్కసారిగా పడిపోతుంది. ఇంకో సంగతి. అడ్డం వస్తే వెనక్కి వెళ్లే రక్షణ 1993 నుంచి అమెరికాలో తయారైన ఇంటి ఓపెనర్లన్నిటికీ తప్పనిసరి. అయితే అదంతా మోటారు నడుస్తున్నప్పుడే. చేత్తో దించే తలుపుకి ఆ కళ్లూ లేవు, ఆ బుద్ధీ లేదు.

స్ప్రింగూ కేబుళ్లూ బాగున్నాయని కంటితో చూసి నిర్ధారించుకున్నాక, ఒకరు తలుపు అడుగుభాగం గట్టిగా పట్టుకుని ఉండగా ఇంకొకరు తాడు లాగాలి. ఒక్కరే ఉంటే, వాన లోపలికి కొట్టడం లేదనుకుంటే, కరెంటు వచ్చేదాకా అలాగే వదిలేయడం మంచిదని నా అభిప్రాయం. ఇంట్లోకి వెళ్లే లోపలి తలుపుకి తాళం వేసుకుంటే చాలు.

తాడు లాగాను, చప్పుడూ వచ్చింది. అయినా కదలట్లేదు.

తలుపు లోపలి వైపు మధ్యలోనో పక్కనో ఒక గడియ ఉంటుంది, అది పట్టాలోకి దూరి ఉందేమో చూడండి. ఊరెళ్లేటప్పుడు వేసి మర్చిపోతుంటాం.

చలికాలమైతే అడుగున ఉన్న రబ్బరు పట్టీ నేలకి గడ్డకట్టి అంటుకుపోయి ఉండొచ్చు. బలంగా గుంజితే రబ్బరు చిరిగిపోతుంది. ప్లాస్టిక్ స్క్రేపర్‌తో మంచు గీకి, కారు అద్దాలకి వాడే డీ-ఐసర్ చల్లి, కాసేపు ఆగి ప్రయత్నించండి. వేడినీళ్లు పోస్తే అప్పటికి కరుగుతుంది గానీ, ఆ నీళ్లు తుడవకపోతే కాసేపటికి ఇంకా మందంగా గడ్డకడుతుంది.

ఈ రెండూ కాకపోతే మళ్లీ స్ప్రింగు దగ్గరికే వస్తాం.

మా గరాజ్‌లో సీలింగుకి మోటారే లేదు, తాడు కనిపించట్లేదు.

మీది తలుపు పక్కన గోడకి బిగించే రకం అయ్యుంటుంది. అది పైనున్న కడ్డీనే నేరుగా తిప్పుతుంది. ఎర్ర పిడి ఆ మోటారు నుంచే, గోడ పక్కన వేలాడుతుంది. ఇలాంటివాటికి తరచుగా కరెంటుతో పనిచేసే తాళం ఒకటి పట్టా దగ్గర విడిగా ఉంటుంది. కరెంటు లేనప్పుడు ఆ బోల్టుని కూడా చేత్తో వెనక్కి జరపాలి. అది జరపకుండా తాడు ఎంత లాగినా ప్రయోజనం లేదు.

బయట చిక్కుకుపోయాం. లోపలికి ఎలా?

ముందు తలుపు తాళంచెవి ఉంటే సమస్యే లేదు. ఏళ్ల తరబడి గరాజ్ నుంచే తిరిగి, ఆ తాళంచెవి ఏ డ్రాయర్‌లో ఉందో తెలియనివాళ్లే ఎక్కువ. ఒకటి కారులో కాకుండా పర్సులో పెట్టుకోండి, ఇంకొకటి నమ్మకమైన పక్కింటివాళ్ల దగ్గర ఉంచండి. కీప్యాడ్ ఉంది కదా అంటారేమో. కీప్యాడ్ సొంత బ్యాటరీతో వెలుగుతుంది నిజమే, లోపలున్న మోటారుకి కరెంటు లేకపోతే అది పంపే సిగ్నల్ ఎవరికి?

ఇంటికి ఆనుకోకుండా విడిగా కట్టిన గరాజ్‌కి వేరే తలుపు లేకపోతే మాత్రం కష్టం. అలాంటివాటికి తలుపు పైభాగంలో బయటివైపు చిన్న గుండ్రటి తాళం పెట్టిస్తారు. తాళంచెవి తిప్పి దాన్ని బయటికి లాగితే వెనకాల కేబుల్ వస్తుంది, అది లోపలున్న ట్రాలీని విడిపిస్తుంది. దాని తాళంచెవి గరాజ్‌లోనే మేకుకి తగిలించే మహానుభావులు కూడా ఉన్నారు.

మేం ఆఫీసులో ఉంటాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న ఒక్కళ్లే ఇంట్లో ఉంటారు. వాళ్లకి ఏం చెప్పాలి?

తలుపు ఎత్తమని చెప్పకండి. మోకాళ్ల నొప్పులు, బీపీ ఉన్న పెద్దవాళ్లు చీకట్లో ఆ పని చేయాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. వాళ్లు కారు నడపరు. బయటికి రావాలంటే ముందు తలుపు ఉంది. దాని గొళ్లెం ఎలా తీయాలో, అలారం మోగితే ఏం నొక్కాలో చేసి చూపించండి. పొగ వచ్చినా, మంట కనిపించినా గరాజ్ వైపు వెళ్లొద్దని, ముందు తలుపు నుంచి బయటికి వచ్చి 911కి ఫోన్ చేయమని గట్టిగా చెప్పండి. ఎర్ర తాడు మీద "దీన్ని లాగొద్దు" అని తెలుగులో చీటీ అతికించినా తప్పులేదు. ఫ్యాను తాడు అనుకుని లాగేవాళ్లుంటారు.

ఎత్తిన తలుపు పైనే నిలబడుతుందా?

స్ప్రింగు బాగుంటే నిలబడుతుంది. అయినా కింద కారు తీస్తున్నంతసేపూ ఒక జాగ్రత్త తీసుకోండి: పట్టాలో చక్రం కింద సి-క్లాంప్ గానీ లాకింగ్ ప్లయర్ గానీ బిగించండి. కర్ర పోటు పెట్టడం నాకు నచ్చదు, కారు అద్దం తగిలితే ఊడిపోతుంది.

చేత్తో దించేశాక తలుపుకి తాళం ఎలా పడుతుంది?

పడదు. మామూలు రోజుల్లో తలుపుని బయటివాళ్లు ఎత్తకుండా ఆపేది మోటారు. లంకె తీశాక ఎవరైనా బయటి నుంచి సులువుగా ఎత్తేయొచ్చు. లోపలి గడియ వేయండి. గడియ లేకపోతే, పట్టాలో చక్రానికి పైన, ఆనీ ఆనకుండా క్లాంప్ బిగిస్తే తలుపు లేవదు. పొరపాటున కూడా ఆ గడియ ఉండగా మోటారు నడపొద్దు. తలుపు పలక వంగిపోతుంది, లేదా మోటారు గేరు అరిగిపోతుంది.

ఇక్కడే ఇంకో మాట. దొంగలు తలుపు పైసందులోంచి బట్టల హ్యాంగర్ తీగ దూర్చి ఎర్ర తాడు లాగేస్తారని, దాన్ని ప్లాస్టిక్ టైతో కట్టేయమని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అలా లాగడం సాధ్యమే. కానీ టై వేశాక అవసరానికి మీరు కూడా లాగలేకపోతే? ట్రాలీ మీటకి అడ్డంగా అమర్చే ప్లాస్టిక్ కవచాలు దొరుకుతాయి, వాటితో తాడు మామూలుగానే పనిచేస్తుంది.

బ్యాటరీ ఉన్న ఓపెనర్ కొంటే ఈ గొడవంతా ఉండదు కదా?

చాలావరకు ఉండదు. కాలిఫోర్నియాలో అయితే ఇది చట్టం. 2017 అక్టోబర్ కార్చిచ్చుల్లో కరెంటు పోయి, గరాజ్ తలుపు ఎత్తలేక కొందరు ఇళ్లలోనే చిక్కుకుపోయారు. చనిపోయినవాళ్లలో వృద్ధులు ఎక్కువ. ఆ తర్వాత ఎస్‌బీ 969 చట్టం వచ్చింది. 2019 జులై 1 నుంచి అక్కడ అమ్మే, బిగించే ప్రతి ఇంటి ఓపెనర్‌కీ బ్యాటరీ ఉండాలి. బే ఏరియాలో ఉన్న మనవాళ్లు ఇల్లు అంతకుముందుదైతే తమ ఓపెనర్ ఏ రకమో చూసుకోవాలి.

బ్యాటరీ శాశ్వతం కాదు, కొన్నేళ్లకి మార్చాలి. ఓపెనర్ ఉన్నట్టుండి కీచుకీచుమని బీప్ కొడుతుంటే చాలాసార్లు కారణం ఆ బ్యాటరీయే. విసుగొచ్చి బ్యాటరీ పీకి పక్కన పెట్టేస్తే చప్పుడు ఆగుతుంది, బ్యాకప్ కూడా ఆగుతుంది.

ఇన్వర్టర్ లేదా జనరేటర్‌తో మోటారు నడపొచ్చా?

నడపొచ్చు. సీలింగు ఓపెనర్లలో ఎక్కువభాగం మామూలు ప్లగ్గుతోనే ఉంటాయి, ఎక్స్‌టెన్షన్ వైరు వేసి పోర్టబుల్ పవర్ స్టేషన్‌కి తగిలించొచ్చు. మోటారు మొదలయ్యే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది, కాబట్టి మరీ చిన్నది సరిపోదు. సోలార్ బ్యాటరీ ఉన్నవాళ్లు గరాజ్ ప్లగ్గుని బ్యాకప్ సర్క్యూట్‌లో పెట్టించారో లేదో ఇన్‌స్టాలర్‌ని అడగండి.

జనరేటర్ని మాత్రం గరాజ్‌లో పెట్టకండి. తలుపు తెరిచి ఉంచినా సరే. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీలకి అవతల పెట్టాలి. 2021లో టెక్సస్‌లో చలికి తట్టుకోలేక గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి కూర్చున్నవాళ్లు, లోపల బొగ్గుల కుంపటి పెట్టుకున్నవాళ్లు ఆసుపత్రి పాలయ్యారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. తలుపు తెరుచుకోలేదని లోపల కారు ఇంజిన్ ఆన్ చేసి ఉంచి తాడుతో కుస్తీ పట్టడం కూడా అంతే ప్రమాదం. ముందు తలుపు ఎత్తాలి, ఆ తర్వాతే కారు స్టార్ట్ చేయాలి.

ఇంట్లో లైట్లున్నాయి, గరాజ్ తలుపు మాత్రం కదలదు. ఇది కరెంటు పోవడమేనా?

కాకపోవచ్చు. గరాజ్ ప్లగ్గులకి షాక్ తగలకుండా కరెంటు ఆపేసే జీఎఫ్‌సీఐ రక్షణ ఉంటుంది, తడి తగిలినా అది ట్రిప్ అవుతుంది. రీసెట్ బటన్ గరాజ్‌లోనే వేరే ప్లగ్గు మీద ఉండొచ్చు. దాని ముందు డీప్ ఫ్రీజర్ అడ్డంగా ఉండటం చాలా ఇళ్లలో మామూలే. గోడ మీద స్విచ్‌లో తాళం గుర్తున్న బటన్ పొరపాటున నొక్కితే రిమోట్లు పనిచేయవు. తెరుచుకుంటుంది గానీ మూసుకోదు అంటే, నేలకి ఆరంగుళాల లోపు ఎత్తులో ఎదురెదురుగా ఉన్న సెన్సర్ కళ్లకి సాలెగూడో చీపురో అడ్డమై ఉంటుంది.

తుఫాను వస్తోందని ముందే తెలిస్తే?

కారు ముందే బయటికి తీసి పెట్టుకోవడం అన్నిటికన్నా సులువు. వరద, వడగళ్లు, చెట్లు విరిగిపడే భయం లేనప్పుడే సుమా. గాలి హోరెత్తుతున్నంతసేపూ తలుపు ఎత్తొద్దు. అంత వెడల్పు తలుపు తెరిస్తే గాలి లోపల చేరి పైకప్పుని కింది నుంచి తోస్తుంది. తెరిచే పని గాలికి ముందో తర్వాతో పెట్టుకోండి.

కరెంటు వచ్చాక మళ్లీ మోటారుకి ఎలా కలపాలి?

గడియ, క్లాంప్ తీసేయండి. తలుపు మూసే ఉండనివ్వండి. మోటారు వైపుకి లాగి విడదీసి ఉంటే, పిడిని నేరుగా కిందికి ఒకసారి లాగి ఆ లాక్ వదిలించండి. ప్లగ్గు పెట్టి బటన్ నొక్కితే ట్రాలీ వచ్చి తగులుకుంటుంది. టక్కున శబ్దం వస్తుంది, ఆ తర్వాత తలుపు కదులుతుంది. రిమోట్లు మళ్లీ జత చేయనక్కర్లేదు. చివరగా ఒక చెక్క ముక్క, ఒకటిన్నర అంగుళం మందంది, తలుపు కింద నేల మీద పరిచి మూసి చూడండి. దానికి తగిలి తలుపు వెనక్కి లేవాలి. లేవకపోతే బాగుచేయించేదాకా బటన్‌తో మూయొద్దు.

హైదరాబాద్‌లో మా విల్లాకి పక్కకి జరిగే మోటారు గేటు ఉంది. దానికీ తాడు ఉంటుందా?

తాడు ఉండదు. నేల మీదున్న మోటారు పెట్టెకి చిన్న తాళం, దాని వెనక ఒక మీట ఉంటాయి. తాళం తీసి మీట తిప్పితే మోటారు పళ్లచక్రం వదులవుతుంది, గేటు చేత్తో తోయొచ్చు. ఆ తాళంచెవి వాచ్‌మన్ దగ్గర కూడా ఒకటి ఉండాలి. మోటారు రోలింగ్ షట్టర్‌కైతే పక్కన వేలాడే చేతి చైనో, తిప్పే హ్యాండిలో ఇస్తారు.

అద్దె ఇంట్లో ఉన్నాం. ఇవన్నీ చూసుకోవాల్సింది ఎవరు?

స్ప్రింగు, కేబుళ్లు, ఓపెనర్ రిపేరు సాధారణంగా ఓనర్ పని. అయినా లీజ్‌లో ఏం రాసుందో చదవండి. ఇల్లు తీసుకునే రోజునే ఎర్ర తాడు లాగి, తలుపు నడుము ఎత్తున ఆగుతోందో లేదో చూడండి. ఆగకపోతే అదే రోజు ఈమెయిల్ పెట్టండి. బయటి గుండ్రటి తాళం ఉంటే దాని చెవి కూడా అడిగి తీసుకోండి. రిమోట్లు ఇచ్చేటప్పుడు దాన్ని ఇవ్వడం ఓనర్లు మర్చిపోతుంటారు.